మూడోసారి అడగాలి

మా వెయ్తెదాల్ లోయలో ఎవరింటికి వెళ్ళినా మొదటిసారి కాఫీ వద్దనాలి. "అబ్బే, ఎందుకండీ, ఇప్పుడే తాగొచ్చాం" అనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగాక, ఇంక మీ మాట తీసెయ్యలేక అన్నట్టు కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకోవాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. నడక వచ్చినట్టే వస్తుంది. మొదటి మాటకే కప్పు చాచినవాణ్ణి ఇంటావిడ ఏమీ అనదు, నవ్వుతూనే పోస్తుంది. ఆదివారం చర్చి మెట్ల మీద మాత్రం ఆ సంగతి లోయంతటికీ తెలుస్తుంది.

తోర్‌గెయిర్ మోసెబో మా పంచాయతీకి ఆఖరి అధ్యక్షుడు. ఆయన గురించి చర్చి మెట్ల మీద రెండు మాటలు అనుకునేవాళ్ళు. బడిని కనుమ అవతల సముద్రపు ఒడ్డునున్న హోల్మ్‌వోగ్ వాళ్ళకి అమ్ముకున్నాడన్నది మొదటిది. ఆ పని చేసిన దగ్గర్నుంచీ సిగ్గు కూడా వదిలేశాడని, ఎవరింటికెళ్ళినా మొదటి మాటకే కాఫీ అందుకుంటాడని రెండోది. ఆయన పోయి చాలా కాలమైంది. మాటలు మాత్రం పోలేదు.

పంచాయతీ చరిత్ర రాసే పని నాకు వచ్చింది. వెయ్తెదాల్ పేరుతో పంచాయతీ లేకుండా పోయి పాతికేళ్ళు కావస్తోంది, తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, పుస్తకం వెయ్యాలని ఊళ్ళో కమిటీ ఒకటి పెట్టుకున్నారు. దానికి పెద్ద హల్దోర్ తాత. ఆయన మా ఇంటికి వచ్చి, పద్ధతి ప్రకారం మూడోసారికి కాఫీ ఒప్పుకుని, సగం తాగాక అసలు మాట చెప్పాడు.

"మీ అమ్మాయి బెర్గెన్‌లో చరిత్రే కదా చదివింది? అయితే మన చరిత్ర కూడా రాసెయ్యమను."

నేను అక్కడే కూర్చున్నాను. అయినా ఆయన మా నాన్ననే అడిగాడు. నాన్న జన్మంతా ఇతరుల అడవుల్లో చెట్లు కొట్టినవాడు. మాకంటూ గుప్పెడు నేల లేదు. మా వంశంలో చదువు పట్టా పుచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. హల్దోర్ అంతటి భూస్వామి మా వంటింట్లో కూర్చుని నా సాయం అడుగుతుంటే నాన్నకి ఏం చెయ్యాలో తెలియక పొయ్యిలో ఇంకో మొద్దు పెట్టాడు.

ఆయన వెళ్ళాక అమ్మ అంది: "చదువుకున్నదానివి, ఉన్నది ఉన్నట్టు రాయాలి." చెంబు కడిగి బోర్లించి మళ్ళీ అంది: "ఎవరి మనసూ నొప్పించకూడదు సుమా."

ఆ రెండింటినీ ఒకే పుస్తకంలో ఎలా పట్టించాలో అమ్మ చెప్పలేదు.

మొదటి అధ్యాయాలు తేలిగ్గానే సాగాయి. మా తాతల కాలంలో మేము హోల్మ్‌వోగ్ పంచాయతీలోనే ఉండేవాళ్ళం. మధ్యలో కనుమ. శీతాకాలంలో మంచు మూసేస్తే సభకి వెళ్ళిన మనిషి వారం దాకా తిరిగి వచ్చేవాడు కాదు, వెళ్ళినా సముద్రపు ఒడ్డువాళ్ళు హెర్రింగ్ చేపల గురించి తప్ప మాట్లాడేవాళ్ళు కాదు. మా బీదల గురించి, మా దారి గురించి ఎత్తేటప్పటికి సభ అయిపోయేది. విసుగెత్తి మావాళ్ళు విడిపోయారు. కొత్త పంచాయతీకి గది ఎక్కడిది? బడిలోనే కూర్చున్నారు. ఆరడుగుల రైతులు పిల్లల బెంచీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని మొదటి తీర్మానం చేశారు. కనుమ మీద దారి వెయ్యాలని. అది పూర్తయ్యేసరికి తీర్మానం చేసినవాళ్ళలో సగంమంది చర్చి పక్కన మట్టిలో ఉన్నారు.

తర్వాత వాగు మీద చిన్న కరెంటు యంత్రం పెట్టారు. హల్దోర్ పశువుల కొట్టంలో పాలు పితికే మిషన్ తిప్పితే పాస్టరు గారింట్లో దీపం మిణుకు మిణుకుమనేది. అందుకని పాస్టరు ప్రసంగం రాసుకునే వేళకి ఆవులకి సెలవు. పంచాయతీ తరఫున ఒక ఆబోతు ఉండేది. దాని కోసం రెండు పొలాలవాళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. ఇవన్నీ రాస్తుంటే నాకు నవ్వొచ్చేది, గర్వంగా కూడా ఉండేది. ఒక పెద్ద పెళ్ళికి సరిపోయేంత జనం, తమ బీదలకి తామే గంజి పోసుకుని, తమ దారి తామే తవ్వుకుని, తమ పోట్లాటలు తామే పడుతూ డెబ్బై ఏళ్ళు నెట్టుకొచ్చారు.

తర్వాత రాజధాని నుంచి మాట వచ్చింది. చిన్న పంచాయతీలు దండగ, పెద్దవాటిలో కలపాలని. అరవై నాలుగు కొత్త సంవత్సరం నాడు మేము మళ్ళీ హోల్మ్‌వోగ్‌లో కలిసిపోయాం. దానికి ఎవరినీ తప్పు పట్టలేదు. దేశమంతా అలాగే జరిగింది. కానీ కలిసేటప్పుడు బేరాలుంటాయి. పక్క లోయ వాళ్ళు తమ బడి ఉంచుకున్నారు. మేము ఉంచుకోలేదు. మరుసటి వేసవికి బడి మూసేశారు. పిల్లల్ని బస్సెక్కించి కనుమ మీదుగా పంపారు. ఆ మొదటి బస్సులో నేనూ ఉన్నాను. చీకట్లో ఎక్కి చీకట్లో దిగేవాళ్ళం. మలుపుల దగ్గర సగంమంది వాంతి చేసుకునేవాళ్ళు. మంచు పడితే దాన్ని తోసే బండి కనుమ మీదికి వచ్చేదాకా అంతా ఒకరి చేతులొకరు రుద్దుకుంటూ కూర్చునేవాళ్ళం. ఇంట్లో తల్లులు కిటికీల దగ్గర నిలబడి తోర్‌గెయిర్‌ని తిట్టుకునేవాళ్ళు.

ఈ అధ్యాయం దగ్గర నా కలం ఆగిపోయింది.

అది ఎలా తెలిసిందో గాని, ఒకనాడు గున్‌వోర్ పిన్ని మా గుమ్మంలో నిలబడింది. తోర్‌గెయిర్ కూతురు. మోసెబోలో మేకలు పెంచుకుంటుంది, ఆవిడ చేసే మేకపాల జున్ను కోసం హోల్మ్‌వోగ్ నుంచి కూడా వస్తారు. అమ్మా ఆవిడా బడిలో ఒకే బెంచీ కాబట్టి చిన్నప్పటి నుంచీ నాకు పిన్ని. మా ఇంటికి వస్తుంది, చర్చికి వస్తుంది. ఊరి హాలుకి మాత్రం రాదు. ఆ హాలు ఒకప్పటి బడే. మూసేశాక పెళ్ళిళ్ళకీ మీటింగులకీ వాడుతున్నాం. తన పెళ్ళి విందు కూడా ఆవిడ హోల్మ్‌వోగ్‌లో పెట్టుకుంది గాని అందులో అడుగు పెట్టలేదు.

"ఎంతదాకా వచ్చావే అమ్మాయ్?" అంది.

"అరవైల దాకా, పిన్నీ."

"అయితే నాన్న వస్తాడు."

"వస్తారు."

"బడి కూడా?"

నేను తలూపాను. కాఫీ పొయ్యనా అని అడిగాను. వద్దంది. రెండోసారి అడిగాను. చెయ్యి అడ్డం పెట్టింది, ఈసారి నిజంగానే.

"చూడు, నేను నిన్ను రాయొద్దననుగా. ఊరు అనే మాటలు నాకు కొత్తేం కాదు. పాతికేళ్ళుగా వింటున్నా, వింటూనే ముసలిదాన్నవుతున్నా. కానీ అవి నోటిమాటలు. అన్నవాళ్ళతోపాటే పోతాయి, చర్చి మెట్ల మీద ఆ సిన్నొవె నోరు కూడా ఎప్పటికైనా మూతపడుతుంది కదా! నువ్వు పుస్తకంలో పెడితే అది పోదు. రేపు నా మనవడు బీరువాలోంచి తీసి చదువుకుంటాడు, మా ముత్తాత బడి అమ్ముకున్నాడని."

"అమ్ముకున్నారో లేదో ఎవరికీ తెలియదు పిన్నీ."

"నాకూ తెలియదే! అదే నా బాధ. హోల్మ్‌వోగ్ వాళ్ళతో కలిసే బేరాల సమావేశం అయిన రోజు ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు. అమ్మ అడిగితే 'అయిపోయింది' అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ కాఫీ ఒకటి! ఎవరింటికెళ్ళినా 'పొయ్యనా' అంటే చాలు, 'పొయ్యి' అనేవాడు. పక్కన నిలబడి నేను సిగ్గుతో చచ్చేదాన్ని. 'నాన్నా, ఏంటిది, ఒకసారన్నా వద్దనవచ్చుగా' అంటే నా వంక చూసి ఊరుకునేవాడు." ఆవిడ స్కార్ఫ్ ముడి బిగించుకుంది. "ఏది నిజమైతే అది కనుక్కో. ఎంత చెడ్డదైనా సరే. కనుక్కోకుండా మాత్రం రాయకు."

ఆ సమావేశానికి మా తరఫున వెళ్ళినవాళ్ళలో బతికున్నది హల్దోర్ తాత ఒక్కడే. ఆయన కట్టెలు పేరుస్తుంటే వెళ్ళి అడిగాను.

"మీరూ అక్కడే ఉన్నారు కదా తాతా, బడి మాట వచ్చినప్పుడు ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? కాఫీ ఇచ్చారు. బాగుంది."

"బడి సంగతి అడుగుతున్నా."

"తోర్‌గెయిర్ మాట్లాడాడు. అధ్యక్షుడు మాట్లాడుతుంటే మిగతావాళ్ళం మధ్యలో ఎందుకు దూరతాం?" ఆయన ఒక కట్టె తీసి, పెట్టిన చోటే మళ్ళీ పెట్టాడు. "చెవులు సరిగ్గా వినపడవమ్మాయ్ నాకు."

కట్టెపుల్ల విరిగిన చప్పుడు కూడా విని తల తిప్పే మనిషి.

ఇక మిగిలింది అవతలి పక్షం. అప్పటి హోల్మ్‌వోగ్ అధ్యక్షుడు ఫ్రిత్యోఫ్ బ్రెక్కె అక్కడి వృద్ధాశ్రమంలో ఉన్నాడని తెలిసి బస్సెక్కాను. చిన్నప్పటి బస్సు దారే. ఇప్పటికీ ఆ మలుపుల దగ్గర నేను ముందు సీటు కమ్మీ పట్టుకుంటాను.

ఆయన రాజధాని వైపు మనిషి. చేపల డబ్బాల ఫ్యాక్టరీకి మేనేజరుగా వచ్చి ఒడ్డునే స్థిరపడ్డాడు. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని పడవలు చూస్తూ కూర్చున్నాడు. నేను వెయ్తెదాల్ నుంచి వచ్చానని చెప్పగానే ముందు కాఫీ తెప్పించాడు.

"తీసుకుంటారా?"

"వద్దండీ, పర్వాలేదు."

"తీసుకుంటారా?"

"మీకెందుకండీ శ్రమ."

"తీసుకుంటారా?" అని ముసలాయన పగలబడి నవ్వాడు. "చూశారా, నేర్చుకున్నా! చాలా ఆలస్యంగా నేర్చుకున్నాననుకోండి."

నేను కప్పు అందుకుని, ఎలా నేర్చుకున్నారని అడిగాను.

"మా కోడలు మీ లోయ పిల్లే. మొదటిసారి మా ఇంటికొచ్చింది. కాఫీ, కేకూ, పొగబెట్టిన సాల్మన్, అన్నీ పెట్టాం. తింటావా అమ్మా అన్నా. వద్దండీ అంది. సరే, ఆకలి లేదేమో పాపం అనుకుని అన్నీ లోపల పెట్టించేశా. ఆ పిల్ల సాయంత్రం దాకా ఖాళీ బల్ల ముందు కూర్చుని ఇంటికెళ్ళి, ఆ ఇంట్లో మనిషికి మంచినీళ్ళు కూడా పొయ్యరు, ఈ సంబంధం నాకొద్దు అని ఏడ్చిందట! మావాడు వచ్చి నా మీద ఎగిరాడు. 'నాన్నా, అక్కడ మూడుసార్లు అడగాలి! మొదటిసారి అడగడం అడగడం కాదు!' అని. నేను ముందు నవ్వాను. తర్వాత..." ఆయన ఆగాడు. "తర్వాత నాకు తోర్‌గెయిర్ మోసెబో గుర్తొచ్చాడు."

నేను కప్పు కింద పెట్టాను.

"ఆ రోజు మేము బడి ఇవ్వడానికే సిద్ధపడి కూర్చున్నాం. వాళ్ళు అడుగుతారు, ఇస్తాం, దానికి బదులు రేవు ఖర్చుకి ఒప్పుకోమంటాం, అదీ మా లెక్క. మర్యాదకి నేనే ముందు అన్నా: 'మీ బడి మీ లోయలోనే ఉంచుదామా?' అని. ఆయన అన్నాడు, 'మా కోసం మీరు ఇబ్బంది పడకండి' అని. నాకు ఆశ్చర్యమేసింది. కానీ, నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనిపించింది. బోలెడు ఖర్చు తప్పింది. సరేనండీ అని, తర్వాతి విషయం రోడ్డు, దానికెళ్ళిపోయా. ఆయన నా వంక అలాగే చూస్తూ ఉన్నాడు. ఆయన పక్కనున్నవాళ్ళంతా కూడా. నేను ఇంకేదో అంటానన్నట్టు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఎదురుచూస్తున్నారని తెలియలేదు."

"ఆయనకి డబ్బేమన్నా...?"

"డబ్బా!" బ్రెక్కె మొహం ఎర్రబడింది. "ఆయన ఆ రోజు మా కాఫీ కూడా సరిగ్గా తాగలేదమ్మా. ఎవరన్నారా మాట?"

"ఇన్నాళ్ళూ మీరెందుకు ఎవరికీ చెప్పలేదు?"

"నన్ను ఎవరూ అడగలేదు," అన్నాడు. దుప్పటి సర్దుకుని మళ్ళీ అన్నాడు: "మీవాళ్ళు ఆయన్ని అలా అనుకుంటున్నారని తెలిస్తే అడక్కపోయినా చెప్పేవాణ్ణి. ఇదంతా రాయండి. నా పేరు పెట్టి మరీ రాయండి."

తిరుగు బస్సులో నాకు సంతోషంతోపాటు బెంగ పట్టుకుంది. అమ్ముకున్నవాడు అనడం అబద్ధమని తేలింది, మంచిదే. కానీ మొహమాటంతో బడి పోగొట్టినవాడు అని అచ్చు వేస్తే అది మాత్రం ఏం గౌరవం? దొంగ అన్నారు ఇన్నాళ్ళూ, ఇక అమాయకుడు అంటారు. గున్‌వోర్ పిన్నికి ఏది బరువో నాకు తెలియదు. అందుకని ఇంటికి వెళ్ళకుండా మోసెబో దగ్గరే దిగిపోయాను.

ఆవిడ కొట్టంలో మేక పాలు పితుకుతోంది. పక్కన నిలబడి బ్రెక్కె చెప్పింది చెప్పినట్టు చెప్పాను. కోడలి సంగతి దగ్గర ఆవిడ నవ్వింది. 'ఇబ్బంది పడకండి' దగ్గర చేతులు ఆగిపోయాయి. మేక వెనక్కి తిరిగి చూసింది.

"ఇంకోసారి చెప్పు," అంది. చెప్పాను.

"రెండోసారి అడుగుతాడని కూర్చున్నాడన్నమాట."

"అవును పిన్నీ."

"వాడు రోడ్డు గురించి మొదలెట్టాడు."

"అవును."

ఆవిడ మళ్ళీ పాలు పితకడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి నుదుటి మీద కొట్టుకుంది.

"ఓరి దేవుడా! కాఫీ!"

"ఏం కాఫీ?"

"మొదటి మాటకే అందుకునేవాడు చూడు, అందుకేనే! ఒకసారి వద్దని, ఎంత పోగొట్టాడో ఆయనకి తెలుసు. అందుకే మళ్ళీ జన్మలో ఎవరికీ ఆ మాట అనలేదు. సిగ్గులేక కాదు. నేనేమో ఆయన పక్కన నిలబడి సిగ్గుపడ్డా..." ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ చేసింది. మేక మీద చెయ్యి వేసి, ఊపిరంతా ఒక్కసారి వదిలింది. "హమ్మయ్యా. హమ్మయ్య తల్లీ. దొంగ కాదు. అచ్చం మనలాంటివాడే."

"అలాగే రాయనా? లోకం నవ్వుతుందేమో."

"నవ్వనీ! నవ్వితే ఏం? నవ్వినవాళ్ళ ఇంట్లో కాఫీ ఎలా తాగుతారో కూడా రాయి పక్కన." ఆవిడ చెంబు తీసుకుని లేచింది. "దొంగని చూసి ఎవరూ నవ్వరే అమ్మాయ్. మనవాణ్ణి చూసే నవ్వుతారు."

అచ్చుకి పంపేముందు అధ్యాయాలు ఊరందరి ముందూ చదివి వినిపించడం మా పద్ధతి. తప్పులుంటే అక్కడే దిద్దుతారు, లేకపోయినా దిద్దుతారు. శనివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. వెన్న రాసి మడిచిన లెఫ్సె రొట్టెలు, గున్‌వోర్ పిన్ని జున్ను బల్ల మీద ఉన్నాయి. ఆవిడ జున్ను ఎప్పుడూ వస్తుంది, ఆవిడ రాదు. ఆ రోజు ఆవిడా వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, కోటు విప్పి, ఆఖరి బెంచీలో మా అమ్మ పక్కన కూర్చుంది. మాటలన్నీ ఆగిపోయాయి. మళ్ళీ గబగబా మొదలయ్యాయి.

చదివాను. కరెంటు, పాస్టరు ప్రసంగం దగ్గర నవ్వారు. ఆబోతు దగ్గర రెండు కుటుంబాలవాళ్ళు నవ్వలేదు. బడి అధ్యాయం మొదలుపెట్టాను. బ్రెక్కె మాటలు ఆయన అన్నట్టే చదివాను. 'మా కోసం మీరు ఇబ్బంది పడకండి' అని చదివేటప్పటికి హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ మాట ఎలా అంటారో, ఏ గొంతుతో అంటారో, ఆ తర్వాత ఏం రావాలో అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. హల్దోర్ తాత కర్ర ఊతంతో లేచాడు.

"అది నిజమే," అన్నాడు. "నేను ఆయన ఎడమపక్కనే కూర్చున్నా. మళ్ళీ అడుగుతాడని నేనూ చూస్తూ కూర్చున్నా. మేమందరం. ఒక్కరైనా నోరు విప్పి 'బడి కావాలి' అంటే అయిపోయేది. కావాలి అనడం మాకు రాదు. బయటికి వచ్చాక ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఊరు తోర్‌గెయిర్ని అంటుంటే..." ఆయన గున్‌వోర్ వైపు తిరిగాడు. "మమ్మల్ని అననందుకు లోపల హాయిగానే ఉండేది. ఆ మాట కూడా పుస్తకంలో పెట్టమ్మాయ్. నేను చెప్పానని పెట్టు."

ఆయన కూర్చున్నాడు. కుర్చీలోకి దిగేటప్పుడు ఆయన మొహం, మోపు దించుకున్న మనిషి మొహంలా ఉంది.

ఏం చెయ్యాలో ఎవరికీ తోచని అలాంటప్పుడు మా లోయలో కాఫీ పోస్తారు. సిన్నొవె కెటిల్ పట్టుకుని లేచింది. చర్చి మెట్ల మీద తోర్‌గెయిర్ కప్పుల లెక్క పాతికేళ్ళు మోసింది ఆవిడే. ముందు వరసలన్నీ దాటుకుని తిన్నగా ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్ళింది.

"కాఫీ పొయ్యనా, గున్‌వోర్?"

హాలంతా అటు తిరిగింది.

గున్‌వోర్ పిన్ని ఆవిడ కళ్ళలోకి చూసి, కప్పు చాచింది.

"పొయ్యి."

సిన్నొవె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆవిడకి అర్థమైందని ఆవిడ మొహం చెప్పింది. నిండా పోసింది, సాసర్లోకి కూడా ఒలికేలా. "ఇంకొంచెం పట్టుకో," అంది మెల్లగా.

"నాకూ పొయ్యి," అన్నాడు హల్దోర్ తాత ముందు వరసలోంచి కప్పు ఎత్తి. "మూడుసార్లు అడగక్కర్లేదు."

"నిన్ను అసలు ఒక్కసారైనా ఎవరడిగారయ్యా?" అంది సిన్నొవె.

ఆ నవ్వు హాలు గోడల్ని కదిలించింది. గున్‌వోర్ పిన్ని కూడా నవ్వింది, పాత బడి గోడలకేసి, కిటికీలకేసి చూస్తూ, తన చిన్నప్పటి బెంచీ ఎక్కడుండేదో మా అమ్మకి వేలితో చూపిస్తూ. కప్పులు అన్ని వైపుల నుంచీ లేచాయి. అంతమంది ఒకేసారి మొదటి మాటకే ఒప్పుకోవడం వెయ్తెదాల్ చరిత్రలో అదే మొదటిసారి అనుకుంటాను. అది పుస్తకంలో రాయలేదు. రాసినా బయటివాళ్ళకి అందులో విశేషమేమిటో తెలియదు.

మా నాన్న ఒక్కడు మాత్రం అలవాటు కొద్దీ "అబ్బే, నాకెందుకు" అన్నాడు. సిన్నొవె సరేనని ముందుకెళ్ళిపోయింది. కెటిల్ మళ్ళీ ఆ వైపు రాలేదు. ఇంటికి వెళ్ళే దారి పొడుగునా ఆయన గొణుగుతూనే ఉన్నాడు.